మా కుక్క బూందీ బయట ఉచ్చ పోయదు, పైకొచ్చి డోర్‌మ్యాట్ మీదే పోస్తుంది

మియాపూర్_మాధవి
మాది మియాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్. బూందీ అని ఏడు నెలల ఆడ కుక్కపిల్ల, మన ఇండీనే, అంటే నాటు కుక్క. నవంబర్‌లో దత్తత తెచ్చుకున్నాం. టీకాలన్నీ అయ్యాయి, తిండికి లోటు లేదు, ఇంట్లో మహా హుషారు. బయటికి మాత్రం రాదు. బెల్టు చప్పుడైతే చాలు సోఫా కిందికి దూరుతుంది. ఎత్తుకుని లిఫ్టులో కిందికి తెస్తే, గేటు ఇంకా పది అడుగులుందనగా నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి కూర్చుండిపోతుంది. నిన్న పొద్దున ఐదున్నర నుంచి ఆరుంపావు దాకా చలిలో నిలబడ్డాను. ఒక్క చుక్క పోయలేదు. పైకొచ్చి తలుపు తీశానో లేదో, నా మొహంలోకే చూస్తూ డోర్‌మ్యాట్ మీద కాలవ కట్టించింది. మా అత్తగారు "మేకనైనా తెచ్చుకుంటే పాలిచ్చేది" అంటున్నారు. కొట్టలేదు. ఒకసారి గట్టిగా అరిచాను, అబద్ధమెందుకు. ఇలాంటి దాన్ని దారికి తెచ్చుకున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. కార్పెట్ ఇప్పటికే పారేశాం.

పాత_చింతకాయ
మా చిన్నప్పుడు కుక్కకి ట్రైనింగ్ అనే మాటే లేదు. అది గడప దాటి లోపలికొస్తే కదా ఈ గొడవ.

బ్రూనో_నాన్న
నాలుగు వారాల్లో తేలిపోయే విషయం ఇది, కాకపోతే మీరు గడియారంలా ఉండాలి. తిండి రెండు పూటలా ఒకే టైముకి. తిన్న పావుగంట, ఇరవై నిమిషాల్లో కిందికి. నిద్ర లేవగానే కిందికి. ఆడుకున్నాక కిందికి. రాత్రి పడుకోబోయే ముందు కిందికి. మిగతా టైమంతా మీ కళ్ళముందే ఉండాలి, ఇల్లంతా తిరగనివ్వద్దు. నేను బ్రూనో బెల్టు నా నడుముకి కట్టుకుని వంట చేసేవాణ్ణి. అది గుండ్రంగా తిరుగుతూ నేల వాసన చూడ్డం మొదలెట్టిందంటే స్టవ్ ఆపి పరుగే. నీళ్ళు మాత్రం తగ్గించకండి, చాలామంది చేసే తప్పు అది.

రాత్రి_డ్యూటీ
బ్రూనో ఏ జాతి?

బ్రూనో_నాన్న
ల్యాబ్రడార్.

రాత్రి_డ్యూటీ
అదీ సంగతి. ల్యాబ్‌కి మురుక్కాలవ చూపించినా పండగే. ఈవిడ కుక్కకి టైముతో పేచీ లేదు బ్రో. అది భయపడుతోంది.

కుక్కలంటే_భయం
నేను ఈ గ్రూపులో ఎందుకున్నానో నాకే తెలీదు, మా అమ్మాయి చేర్పించింది. ఒక మనవి. గేటు దాకా రాదు అన్నారు కాబట్టి పార్కింగులోనే పోయించే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. మా అపార్ట్‌మెంటులో రోజూ నా కారు టైరు మీదే కార్యక్రమం.

మియాపూర్_మాధవి
@కుక్కలంటే_భయం టైరు మీద పోసినా సంతోషించే స్థితిలో ఉన్నానండీ నేను. తుడవడానికి బకెట్టు నాదే.

కర్నూలు_పశువైద్యం
ట్రైనింగ్ సంగతి తర్వాత, ముందు ఒంట్లో ఏమీ లేదని తేల్చుకోండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ఎంత తెలివైన కుక్కయినా ఆపుకోలేదు. కొంచెం కొంచెంగా మాటిమాటికీ పోస్తోందా, పోసేటప్పుడు ముక్కుతోందా, ఎర్రగా ఉందా, అక్కడే పదేపదే నాకుతోందా చూడండి. ఏడు నెలలంటే మొదటిసారి ఎదకు వచ్చే వయసు కూడా, ఆ రోజుల ముందు ఎక్కువసార్లు పోస్తాయి. ఒక యూరిన్ టెస్ట్ చేయిస్తే సరిపోతుంది. శాంపిల్ పొద్దున మొదటిసారి పోసేదయితే మేలు. పొడుగు కాడ ఉన్న గరిటె కడిగి ఆరబెట్టి, కూర్చోగానే వెనకనుంచి జార్చండి.

ఇంకో మాట. ఇరవై నాలుగ్గంటల్లో ఒక్కసారి కూడా పోయకపోతే ఇక్కడ పోస్టు పెట్టి జవాబు కోసం చూడకండి, నేరుగా డాక్టరు దగ్గరికి.

పాత_చింతకాయ
ఆ గరిటె మళ్ళీ సాంబారులోకి వెళ్ళకుండా చూసుకోండమ్మా.

వైజాగ్_సుధ
మాధవిగారూ, మీ పోస్టు చదువుతుంటే నాలుగేళ్ళ కిందటి నేనే కనిపించాను. మా చిన్నూకి వీధి అంటే వణుకు. మేం మూడు వారాలు లాక్కెళ్ళాం, ఎత్తుకెళ్ళాం, బతిమాలాం. రోజురోజుకీ ఎక్కువైంది. చివరికి బెల్టు పెట్టే కొక్కెం వైపు నేను నడిచినా మంచం కిందికి పోయేది. అప్పటికి అర్థమైంది, నేను నేర్పిస్తున్నది బయట పోయడం కాదు, బెల్టంటే భయపడడం అని.

భయపడ్డ కుక్క పోయదండీ. మనం పరీక్ష హాల్లో గొంతెండిపోయి కూర్చున్నప్పుడు ఆకలి గుర్తొస్తుందా? అలాగే. లోపలికి రాగానే ఒళ్ళు వదులవుతుంది, అందుకే డోర్‌మ్యాట్. అది మీమీద కక్ష కాదు. మీ మొహంలోకి చూసింది కూడా "అమ్మయ్య, ఇంటికొచ్చాం" అనే.

నాకు పనికొచ్చిన కొలబద్ద ఒకటే, ఉడికించిన చికెన్ ముక్క. ఉప్పూ ఉల్లిపాయా ఏమీ వేయకూడదు (ఉల్లిపాయ కుక్కలకి విషం). చిన్నచిన్న ముక్కలు జేబులో పెట్టుకోండి. గుమ్మం దగ్గర ఇవ్వండి, తింటుందా? కారిడార్‌లో తింటుందా? లిఫ్టు ముందు? ఎక్కడ వాసన చూసి మొహం తిప్పేసుకుంటుందో అక్కడ దాని ఓపిక అయిపోయిందన్నమాట. దానికి రెండు అడుగులు ఇవతలే ఆ రోజుకి ఆట. ఐదు నిమిషాలు కూర్చుని, తినిపించి, తిరిగొచ్చేయండి. మర్నాడు ఇంకో రెండు అడుగులు. మాకు గుమ్మం నుంచి వీధి చివరి కానుగ చెట్టు దాకా ఇరవై ఆరు రోజులు పట్టింది. లెక్క మా ఆయన క్యాలెండర్ మీద రాసి పెట్టాడు.

హనుమకొండ_హరి
సుధక్క చెప్పింది కరెక్ట్. మెడకు బెల్టు కట్టి గుంజకుండ్రి, భయంల ఎనక్కి గుంజుకుంటే పట్టీ తలమీదకెల్లి ఊడి వస్తది. మా దోస్త్‌గాని కుక్క గట్లనే పోయింది, మూడు దినాలు తిరిగినం. ఛాతీకి కట్టే హార్నెస్ తీసుకోండ్రి.

ఒక్క మాట చెప్పు అక్కా. ఇది యాడ పుట్టింది? మీ ఇంటికి రాకముందు ఏడున్నది?

మియాపూర్_మాధవి
ఎక్కడ పుట్టిందో తెలీదు హరీ. మాకిచ్చినావిడ దగ్గర నెలన్నర ఉంది. ఆవిడ్నే అడుగుతాను. ఎందుకు?

హనుమకొండ_హరి
చెప్త. ముందు కనుక్కో.

బ్రూనో_నాన్న
సుధగారి పద్ధతి తప్పనను, కానీ ఇరవై ఆరు రోజులు ఇల్లంతా కంపు భరించాలా? ఆ లోపల బాల్కనీలో పేపర్లు పరిచి అక్కడ అలవాటు చేయించండి.

రాత్రి_డ్యూటీ
పేపర్ అలవాటు చేయొద్దు మేడం, నా మాట వినండి. మేం చేశాం. ఇప్పుడు మా ఇంట్లో నాన్న ఆదివారం అనుబంధం చదవాలంటే నిలబడి చదవాలి. కింద పెట్టాడా, అయిపోయింది.

వైజాగ్_సుధ
😂

బ్రూనో_నాన్న
పేపర్ కాకపోతే కృత్రిమ గడ్డి మ్యాటు. దాన్నే రోజుకింత జరుపుకుంటూ కిందికి తీసుకుపోవచ్చు.

కర్నూలు_పశువైద్యం
బాల్కనీ తప్పేమీ కాదు. డోర్‌మ్యాట్ కంటే బాల్కనీ నయం, బాల్కనీ కంటే కింద నయం. కుక్కకి కాలికింద తగిలేది ముఖ్యం. చిన్నప్పుడు ఏ నేల మీద పోయడం అలవాటైందో పెద్దయ్యాక కూడా దాన్నే వెతుక్కుంటుంది. సిమెంటు గదుల్లో పెరిగినవి గడ్డి మీద నిలబెడితే దిక్కులు చూస్తాయి. డోర్‌మ్యాట్‌నీ కార్పెట్‌నీ ఎంచుకుందంటే మెత్తగా ఉండి పీల్చుకునేది కావాలని అర్థం. హరిగారు ఎందుకు అడిగారో నాకు అర్థమైంది.

కమిటీ_మెంబర్_204
మా అసోసియేషన్‌లో అయితే కుక్కలకు లిఫ్టే లేదు. మెట్లే. ఈ గొడవలన్నీ ఉండవు.

రాత్రి_డ్యూటీ
సార్, కుక్కల్ని లిఫ్టు ఎక్కనివ్వం అనే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. జనరల్ బాడీలో చేతులెత్తి తీర్మానం చేసినా చెల్లదు.

కమిటీ_మెంబర్_204
లిఫ్టులో పోస్తే తుడిచేది ఎవరు, బోర్డువాళ్ళా?

కుక్కలంటే_భయం
204గారికి నా ఓటు.

రాత్రి_డ్యూటీ
పెంచుకున్నవాళ్ళే తుడవాలి, అందులో రెండో మాట లేదు. అదీ ఆ మార్గదర్శకాల్లో ఉంది. ఒక పాత పేపరూ ఒక కవరూ చేతిలో పట్టుకుంటే ఏం పోతుంది మనకి.

మియాపూర్_మాధవి
లిఫ్టు గొడవ ఇంకో చోట పెట్టుకోండి, ప్లీజ్. యూరిన్ టెస్ట్ చేయించాం, ఇన్ఫెక్షన్ ఏమీ లేదు (గరిటె పారేశాను చింతకాయగారూ). ఒంట్లో ఏమీ లేదని తేలింది కాబట్టి టెన్షన్ సగం తగ్గింది.

ఇంకో సమస్య. ఫినాయిల్ పెట్టి ఎంత తుడిచినా మళ్ళీ అదే చోట పోస్తోంది.

వైజాగ్_సుధ
ఫినాయిల్ మన ముక్కుకేనండీ. అడుగున ఉన్న మూత్రం వాసన దానికి అలాగే తెలుస్తుంది, "నా బాత్రూమ్ ఇదే" అని బోర్డు పెట్టినట్టు. ఎంజైమ్ క్లీనర్ అని పెట్ షాపుల్లో దొరుకుతుంది, అది ఆ మరకలో ఉన్నదాన్నే తినేస్తుంది. పోసి వెంటనే తుడిచేయకూడదు, సీసా మీద రాసినంతసేపు నాననివ్వాలి. డోర్‌మ్యాట్లు, బాత్రూమ్ మ్యాట్లు అన్నీ ఒక నెల అటకెక్కించండి.

పెరటి_జామ
ఎంజైమ్ కొనడమెందుకు, ఇంట్లోనే చేసుకోవచ్చు. బెల్లం ఒక వంతు, బత్తాయి నిమ్మ తొక్కలు మూడు వంతులు, నీళ్ళు పది వంతులు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి మొదటి నెల రోజూ మూత తీసి గాలి వదలాలి. మూడు నెలలకి తయారు.

రాత్రి_డ్యూటీ
మూడు నెలలకి బూందీకి పెళ్ళయిపోతుంది.

కర్నూలు_పశువైద్యం
ఆ తొక్కల నీళ్ళు గిన్నెలకీ నేలకీ బాగానే ఉంటాయి, మూత్రం వాసనకి మాత్రం నేను నమ్ముకోను. ఫినాయిల్ తడి మీద నడిచి పాదాలు నాక్కుంటే కుక్కలకి మంచిది కాదు, పిల్లులకైతే మరీ ప్రమాదం. అమోనియా ఉన్న క్లీనర్లు కూడా వద్దు, మూత్రం వాసనకి దగ్గరగా ఉంటాయి. ఎవరో ఒకరు వెనిగర్ అంటారు కాబట్టి ముందే చెబుతున్నా, మీది మార్బుల్ అయితే వెనిగర్ పోయకండి, మెరుపు పోతుంది.

పాత_చింతకాయ
నేను వెనిగర్ అని సగం టైప్ చేశాను డాక్టరుగారూ.

మిన్నెసోటా_చలి
మాకిక్కడ జనవరిలో మైనస్ ఇరవై అయిదు. మా లడ్డూ గుమ్మం దాకా వచ్చి, ఒక కాలు బయట పెట్టి, తీసేసి, నా వైపు చూస్తాడు, "నువ్వు ముందు పోసి చూపించు" అన్నట్టు. నేను చేసేదేంటంటే, మంచు పడిన ప్రతిసారీ పెరట్లో మంచం అంత మేర పారతో గీకి గడ్డి కనిపించేలా ఉంచుతా. గడ్డి కాలికి తగిలితేనే పోస్తాడు. మంచు కప్పేస్తే వాడికి ఆ చోటే లేనట్టు. డాక్టరుగారు చెప్పిన నేల సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. లోపలికి రాగానే పాదాలు కడగాలి, రోడ్ల మీద చల్లే ఉప్పు వేళ్ళ సందుల్లో మండుతుంది. నాలుగు కాళ్ళకీ బూట్లు తొడిగాను. అవి తొడిగిన రోజు వాడు నడిచిన నడక చూసి మా అమ్మ వీడియో కాల్‌లో ఐదు నిమిషాలు నవ్వింది.

హనుమకొండ_హరి
మైనస్ ఇరవై అయిదులనా? అన్నా, నువ్వే ఇంట్ల పోసుకో, లడ్డూగాణ్ణి అనకు.

మియాపూర్_మాధవి
సుధగారు చెప్పినట్టు చికెన్ ముక్కలతో మొదలుపెట్టి ఇది ఐదో రోజు. బెల్టు కాసేపు ఊరికే హాల్లో పడేసి ఉంచుతున్నా, దాని పక్కన ముక్క. ఇప్పుడు బెల్టు చూస్తే సోఫా కిందికి పోవట్లేదు, వచ్చి వాసన చూస్తోంది. కారిడార్‌లో తింటోంది. లిఫ్టులో తింటోంది. పార్కింగులో కూడా తింటోంది! గేటు దగ్గరే ఆగిపోతోంది.

ఈ రోజు నేను నడిపించే ప్రయత్నం మానేసి, పార్కింగులో స్టూలు వేసుకుని ఊరికే దాన్ని చూస్తూ కూర్చున్నా. మా గేటు దగ్గర వాననీళ్ళ కాలవ మీద అడ్డంగా ఇనప జాలీ ఉంటుంది. దాని ముందు సరిగ్గా మూడు అడుగుల దగ్గర ఆగింది. ముందుకాళ్ళ వేళ్ళు విచ్చుకుని గోళ్ళు సిమెంటుని పట్టుకున్నాయి. చెవులు వెనక్కి, తోక కడుపు కిందికి. రెండుసార్లు ఆవులించింది, నిద్రొచ్చి కాదని చూస్తేనే తెలుస్తోంది. మూతి నాక్కుంటోంది. చికెన్ ముక్క ముక్కు ముందు పెడితే పక్కకి తిరిగింది. అంతలో 103 వాళ్ళ కారొచ్చి జాలీ మీద ఎక్కింది. ధన్‌మని మోత. బూందీ నా స్టూలు కిందికొచ్చి నక్కింది.

రెండు నెలలుగా నేను రోడ్డంటే భయమనుకుంటున్నా. కుక్కలంటే, ఆటోలంటే, పండగ డీజేలంటే భయమనుకుంటున్నా. అది జాలీ అంటే భయపడుతోంది. రోజూ దానిమీదే ఈడ్చాను.

వైజాగ్_సుధ
చూశారా! కూర్చుని చూడ్డం కంటే గొప్ప ట్రైనింగ్ లేదు. ఆ సందుల్లోంచి కింద ఖాళీ కనిపిస్తుంది, గోళ్ళు ఇరుక్కుంటాయి, పైగా మోత. చాలా కుక్కలకి ఉంటుంది ఈ భయం.

కుక్కలంటే_భయం
నాకూ ఆ జాలీల మీద నడవాలంటే భయమే. హీల్స్ ఇరుక్కుంటాయి. మొదటిసారి ఒక కుక్కతో ఏకీభవిస్తున్నా.

బ్రూనో_నాన్న
ఎత్తుకుని జాలీ దాటించేయండి, అవతల దించండి. పది రోజులు దాటితే అదే అలవాటు పడుతుంది.

రాత్రి_డ్యూటీ
ఎత్తుకుంటే ఏడు నెలలకి పద్నాలుగు కిలోలు ఉంటుంది. మేడం నడుము సంగతేంటి?

కర్నూలు_పశువైద్యం
ఎత్తుకోవడం తప్పు కాదు, ఎత్తుకోవడానికి కూడా అది ఒప్పుకుంటే. కానీ దాని మీద ఏదైనా పరిస్తే మేలు. జారనిది, కదలనిది. కదిలి చప్పుడైతే మొదటికొస్తుంది.

మియాపూర్_మాధవి
302 వాళ్ళింట్లో పని నడుస్తోంది. వాళ్ళ ప్లైవుడ్ ముక్క ఒకటి మా వాచ్‌మన్ యాదయ్య జాలీ మీద పరిచి, పైన గోనెసంచి వేసి, మేకులు కొట్టకుండా ఇటుకలు పెట్టాడు. పొద్దున ఐదు నుంచి ఆరు దాకా, ఆ టైములో కార్లు రావు. మూడో రోజు దాటింది! ఒక్క గెంతు గెంతి దాటింది, గోనెసంచి మీద రెండే పాదాలు పడ్డాయి. అయినా దాటింది.

హనుమకొండ_హరి
యాదయ్యకు చాయ్ పోయించు అక్కా.

రాత్రి_డ్యూటీ
ఇప్పుడు పోసిందా లేదా అది చెప్పండి. ఇక్కడ అందరం దాని ఉచ్చ కోసం ఎదురుచూస్తున్నాం.

మియాపూర్_మాధవి
లేదు 😭 రోడ్డు మీదికొచ్చింది, వాసనలు చూసింది, స్తంభం దగ్గర అరగంట పరిశోధన చేసింది. పోయలేదు. పైకొచ్చి బాల్కనీలో పోసింది. డోర్‌మ్యాట్ మీద కాదు, అది మెరుగే అనుకోవాలి.

బ్రూనో_నాన్న
బయట పోయగానే వెంటనే ఇంటికి తెచ్చేయకండి. పోస్తే షికారు అయిపోతుందని తెలిస్తే కావాలనే ఆపుకుంటాయి. పోశాక ఇంకో పది నిమిషాలు తిప్పండి.

వైజాగ్_సుధ
బ్రూనోకి అది నిజం, వాడికి షికారే బహుమతి. బూందీకి ఇల్లే బహుమతి. పోసిన మరుక్షణం చికెన్, తర్వాత నేరుగా ఇంటికి. "పోస్తే ఇంటికెళ్ళొచ్చు" అని దానికి అర్థమైతే గేటు దాటగానే పోస్తుంది చూడండి. షికారంటే ఇష్టం పుట్టాక మీ పద్ధతికి మారొచ్చు.

బ్రూనో_నాన్న
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒప్పుకుంటా.

రాత్రి_డ్యూటీ
ఈ గ్రూపులో ఒకరు ఒప్పుకోవడం చూడ్డం ఇదే మొదటిసారి, స్క్రీన్‌షాట్ తీశా.

కర్నూలు_పశువైద్యం
చికెన్ ఇచ్చేది అక్కడే, పోయడం పూర్తయిన రెండు మూడు క్షణాల్లో. ఇంటికొచ్చి ఇస్తే ఇంటికొచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. పోస్తుండగా పొగడకండి, సగంలో ఆపేసి మీ దగ్గరికొస్తుంది. నెమ్మదిగా "సుస్సు" అనో ఏదో ఒక మాట అదే పనిగా అనండి, తర్వాత్తర్వాత ఆ మాటకే పోస్తుంది. ఇంట్లో పోసినప్పుడు మూతి అందులో రుద్దడం, కొట్టడం ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీ ముందు పోయడమే తప్పనుకుని చాటుకి వెళ్ళి పోస్తుంది. అప్పుడు బయట బెల్టు అవతలి చివర మీరుండగా అసలే పోయదు.

పాత_చింతకాయ
సంక్రాంతి కదా, మీ అత్తగారు గేటు ముందు ముగ్గేసి ఉంటారు. దాని మీద వదలండి. కుక్కలకి ముగ్గు అంటే ఎందుకో ప్రాణం.

మియాపూర్_మాధవి
అప్పుడు బూందీతో పాటు నన్నూ దత్తత ఇచ్చేస్తారు.

హరీ, నువ్వడిగింది కనుక్కున్నా. బూందీ కొంపల్లి దగ్గర కడుతున్న ఒక అపార్ట్‌మెంటు దగ్గర దొరికిందట. తల్లి ఇసుక కుప్పలో గుంట తవ్వి నాలుగు పిల్లల్ని పెట్టిందట. మూడు నెలల పైన అక్కడే ఉన్నాయి.

హనుమకొండ_హరి
గదే! నాకు ముందే డౌటు. మా సైటు కాడ కుక్కలన్నీ ఇసుకలనే పోస్తయ్. దానికి పుట్టినప్పటికెల్లి దొడ్డి అంటే ఇసుకనే. నువ్వు సిమెంటు రోడ్డు మీద నిలబెట్టి పోయమంటే ఎట్ల పోస్తది? డోర్‌మ్యాట్ జర మెత్తగ ఇసుక లెక్క అనిపించింది దానికి.

కర్నూలు_పశువైద్యం
అవును, నేనన్నది ఇదే. దగ్గర్లో ఇసుక ఎక్కడైనా ఉందా?

మియాపూర్_మాధవి
302 వాళ్ళ టైల్స్ పనికి తెచ్చిన ఇసుక ప్రహరీ పక్కనే ఉంది. రేపు పొద్దున్నే.

రాత్రి_డ్యూటీ
డ్యూటీలో ఉన్నా, నాలుగింటికే లేచి ఉంటా. అప్‌డేట్ ఇవ్వండి.

మియాపూర్_మాధవి
పోసింది!!!

ఐదూ ఇరవైకి. గోనెసంచి దాటి బయటికొచ్చాం, ప్రహరీ మలుపు తిరిగాం. ఇసుక కనబడగానే తోక పైకి లేచింది. రెండు నెలల్లో బయట దాని తోక పైకి లేవడం నేను చూడలేదు. కుప్ప ఎక్కింది, ముందుకాళ్ళతో రెండుసార్లు గీకింది, గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది, కూర్చుంది. ఎంతసేపు పోసిందో! ఇసుక నల్లబడి గుంట పడింది. నేను "సుస్సు సుస్సు" అంటూ ఏడుస్తున్నా. యాదయ్య ఏమైందమ్మా అని పరుగెత్తుకొచ్చాడు. చికెన్ ఇచ్చాను, మొత్తం డబ్బా ఇచ్చేశాను. తర్వాత అదే బెల్టు పట్టి నన్ను గేటు వైపు లాక్కెళ్ళింది, ఇంటికి పద అని.

వైజాగ్_సుధ
నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఒక కుక్క ఉచ్చ పోసిందని.

మిన్నెసోటా_చలి
లడ్డూకి చదివి వినిపించా. పట్టించుకోలేదు.

బ్రూనో_నాన్న
సూపర్. వారం పాటు అదే చోటు, అదే టైము, మార్చకండి.

కుక్కలంటే_భయం
అభినందనలు. కారు టైర్లు తప్పించుకున్నాయి.

కమిటీ_మెంబర్_204
ఆ ఇసుక 302 వాళ్ళదన్నారు. వాళ్ళకి చెప్పారా?

మియాపూర్_మాధవి
తడిసిన ఇసుక పారతో తీసి పక్కన పడేశానండీ. చెప్పాను కూడా, నవ్వారు. ఆరు రోజుల్లో ఇంట్లో రెండేసార్లు పోసింది, రెండూ చుట్టాలొచ్చినప్పుడు. అత్తగారు ఇప్పుడు దాన్ని "బంగారం" అంటున్నారు, నా ముందు కాదు.

కానీ కొత్త చిక్కు. 302 వాళ్ళ పని శుక్రవారంతో అయిపోతుందట, మిగిలిన ఇసుక ఎత్తేస్తారట. ఏం చేయాలి?

కర్నూలు_పశువైద్యం
రెండు తట్టల ఇసుక అడిగి తీసుకోండి. ప్రహరీ వెనక మట్టి ఉన్న చోట, ఏ చెట్టు కిందో చాపంత మేర పరవండి. అది పోసిన తడి ఇసుక గుప్పెడు అందులో కలపండి, వాసన పట్టుకుంటుంది. రోజూ కాస్త కాస్త ఇసుక తగ్గించుకుంటూ పొండి, కింద మట్టి తేలుతుంది. రెండు మూడు వారాల్లో మట్టికి మారిపోతుంది. పిల్లులు కూడా ఆ ఇసుక కోసం వస్తాయి, రెంటికి పోయినవి ఎప్పటికప్పుడు తీసేయండి.

హనుమకొండ_హరి
మేం మియాపూర్ దిక్కు ఆదివారం వస్తున్నం అక్కా. బండిల రెండు సంచులు ఏసుకొస్త.

పాత_చింతకాయ
అంతా బాగానే ఉంది గానీ, ఆ వారం రోజుల్లో ఆ కుప్పలోంచి తీసిన ఇసుకతో టైల్స్ ఏ గదిలో వేశారు?

మియాపూర్_మాధవి
పూజగది అట. దయచేసి ఈ మాట ఇక్కడే ఆపండి.